రెండో తరగతి హోంవర్కు, రోజూ రాత్రి తొమ్మిదికి ఏడుపు. మీ ఇళ్లలో ఎలా చేయిస్తున్నారు?

నిజాంపేట_అమ్మ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా బాబుకి ఏడేళ్లు. రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. ఉదయం ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం నాలుగున్నరకి దిగుతాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. అప్పటిదాకా మా అత్తగారి దగ్గర ఉంటాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అందుకని హోంవర్కంతా నా కోసం ఆగి ఉంటుంది. ఇవాళ డైరీలో ఉన్నవి: ఇంగ్లీషు ప్రశ్నలు జవాబులు రెండేసి సార్లు, ఈవీఎస్ కొత్త పదాలు మూడేసి సార్లు, లెక్కలు పది, తెలుగు గుణింతాలు, హిందీ కాపీ రైటింగ్ ఒక పేజీ.

తొమ్మిదికి లెక్కలు మొదలయ్యాయి. 42 లోంచి 17 తీసెయ్యమంటే 35 అంటాడు. చెప్పాను. మళ్లీ 35. మూడోసారికి నా గొంతు లేచింది. నాలుగోసారి వాడు పెన్సిల్ విసిరేశాడు, నేను వీపు మీద ఒకటి వేశాను. ఏడుస్తూనే పడుకున్నాడు. మిగిలిన ఈవీఎస్ పదాలు నేనే ఎడమ చేత్తో రాసి బ్యాగులో పెట్టాను. నవ్వకండి.

రోజూ ఇదే తంతు. ట్యూషన్‌లో వేసేద్దాం అంటున్నారు మా వారు. ఏం చెయ్యమంటారు?

కడప_కారం | సోమవారం, రాత్రి 11:05

ఒక దెబ్బకే ఇంత బాధ ఎందుకండీ. మేం గోడకుర్చీ వేసి, బెత్తం దెబ్బలు తిని చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు పిల్లల్ని మరీ గాజుబొమ్మల్లా చూస్తున్నారు. మా అమ్మాయి మూడో తరగతి. హోంవర్కు అయితేనే అన్నం అని చెప్పా. గంటలో ముగించేస్తుంది.

పలక_బలపం | మంగళవారం, ఉదయం 6:10

అమ్మా, నేను ప్రకాశం జిల్లాలో ప్రాథమిక బడి టీచర్ని, ఎస్‌జీటీని. ఒకటి, రెండు తరగతులకి చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. బడికి బయల్దేరేలోపు ఒక్క సంగతి రాస్తాను, అది ఆ 35 గురించి.

మీవాడు పొరపాటున 35 అనలేదు. 7 లోంచి 2 తీస్తే 5, 4 లోంచి 1 తీస్తే 3. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి అని మనమే నేర్పాం, వాడు అదే చేశాడు. 2 కింద 7 ఉందా, 7 కింద 2 ఉందా అని వాడు చూడలేదు. అందుకే మీరు నాలుగుసార్లు చెప్పినా నాలుగుసార్లూ అదే జవాబు వచ్చింది. వాడి దృష్టిలో వాడు కరెక్టే. సరిగ్గా చేసిన పనికి అమ్మ ఎందుకు కొట్టిందో వాడికి ఇప్పటికీ అర్థమై ఉండదు.

సాయంత్రం ఇలా చెయ్యండి. పాత చీపురు పుల్లలు తీసుకుని పది పదిగా రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి "పదిహేడు పుల్లలు ఇవ్వరా నాన్నా" అనండి. ఏడు విడివి కావాలి, చేతిలో ఉన్నవి రెండే. కట్ట విప్పమని మీరు చెప్పకండి. కాసేపు తల గోక్కుంటాడు, తర్వాత వాడే విప్పుతాడు. ఇక విడివి పన్నెండు. ఏడు ఇచ్చేస్తే ఐదు మిగులుతాయి. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి ఇచ్చేస్తే రెండు. ఇరవై ఐదు. 'అప్పు తెచ్చుకోవడం' అని మనం అనేది ఈ కట్ట విప్పడమే. ఆ కట్ట చేత్తో విప్పని పిల్లాడికి అప్పు అన్న మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు.

మూడు రోజుల దాకా నోటుబుక్కు ముట్టుకోకండి.

కడప గారూ, మీతో సాయంత్రం మాట్లాడతాను.

మూడో_బెంచీ | మంగళవారం, ఉదయం 9:22

మాస్టారు చెప్పింది చదివి నాకు నా కూతురు గుర్తొచ్చింది. డైరీలో హోంవర్కు సగం సగం రాసుకొచ్చేది. బోర్డు మీద పది లెక్కలుంటే ఆరు, అందులోనూ రెండు తప్పు అంకెలు. శ్రద్ధ లేదని ఒక ఏడాదంతా తిట్టాను. చివరికి ఒక పెళ్లిలో మా అన్నయ్య చూసి "ఇదేంట్రా, టీవీకి అంత దగ్గరికెళ్లి కూర్చుంటోంది" అన్నాడు. తీసుకెళ్లి చూపిస్తే రెండు కళ్లకీ మైనస్ రెండున్నర. అసలు బోర్డే కనిపించేది కాదట. పిల్లకి కూడా తెలియదు, అందరికీ అలాగే మసగ్గా కనిపిస్తుందనుకుంది.

ఆ ఏడాది నేను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను కదా. ఇంతకన్నా చెప్పడానికేం లేదు. కళ్లు చూపించండి.

డాలస్_అత్తయ్య | మంగళవారం, ఉదయం 10:15

ఇక్కడ అమెరికాలో చాలా స్కూళ్లు తరగతికి పది నిమిషాలు అన్న లెక్క పాటిస్తాయి. ఒకటో తరగతికి పది, రెండుకి ఇరవై, మూడుకి ముప్పై. డ్యూక్ యూనివర్సిటీలో హారిస్ కూపర్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. అంతకుముందు పదిహేను పదహారేళ్లలో ఇక్కడ హోంవర్కు మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2006లో ఒక వ్యాసం వేశారు. పెద్ద తరగతుల్లో హోంవర్కు చేసే పిల్లలకి మార్కులు బాగా వస్తున్నట్టు కనిపించింది. చిన్న తరగతుల్లో ఆ సంబంధం చాలా బలహీనం. అంటే రెండో తరగతిలో గంటన్నర రాయిస్తే ఒరిగేది పెద్దగా లేదనే.

మా పిల్లలకి రెండో తరగతిలో ముఖ్యమైన హోంవర్కు ఒక్కటే, రోజూ ఇరవై నిమిషాలు పుస్తకం చదవడం. చదివినట్టు ఒక కాగితం మీద మా సంతకం. నిజం చెప్పాలంటే అందులో సగం దొంగ సంతకాలే.

కడప_కారం | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అమెరికా సంగతులు అమెరికాలో. ఇక్కడ రేపు నవోదయ, గురుకులం సీట్లకి మన పిల్లలతో పోటీ పడేవాళ్లు ఇరవై నిమిషాలే చదువుతున్నారా?

నైట్‌షిఫ్ట్_నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 3:05

కడప అన్నా, నవోదయ పరీక్ష ఆరో తరగతిలో చేరడానికి. ఈ బాబుది రెండో తరగతి. ఇప్పట్నుంచే ఎందుకన్నా పరుగు.

నాది ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్ట్. చదువు పదో తరగతి, అదీ తెలుగు మీడియం. మా బిడ్డ ప్రభుత్వ బడిలో రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. మొదట్లో పుస్తకం పట్టుకుంటేనే భయమేసేది. తర్వాత చూస్తే పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంది. తెలంగాణలో 2022 నుంచి ఇలాగే ఇస్తున్నారు, ఆంధ్రలో అంతకుముందే మొదలైందట. నేను తెలుగు పేజీ చదివి పాఠం ఏంటో బిడ్డకి కథలాగా చెప్తా. ఆమె ఇంగ్లీషు పేజీ చదివి వినిపిస్తది. ఇద్దరికీ చెరి సగం.

ఒక డౌటు. ఇంగ్లీషు పదాల మీద పెన్సిల్‌తో తెలుగులో రాసిస్తున్నా, బర్డ్, నైఫ్ అని. వాళ్ల మేడమ్ చూసి అలా రాయొద్దంది. తప్పా?

పలక_బలపం | మంగళవారం, సాయంత్రం 6:30

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, మీరు చేస్తున్నది తప్పు కాదు. కాకపోతే పుస్తకం మీద రాయకండి. పిల్ల కన్ను ముందు తెలుగు మీదికే పోతుంది, కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చూడనే చూడదు. విడిగా ఒక కాగితం మీద మీ కోసం రాసుకోండి. పిల్ల ఆగినప్పుడు మీరు అందులో చూసి చెప్పండి. ఇంకోటి, 'ఏ, బీ, సీ' అనేవి అక్షరాల పేర్లు, వాటి శబ్దాలు వేరు. "బీ ఏ టీ" అన్నంత మాత్రాన 'బ్యాట్' రాదు. మన తెలుగులో 'క' పేరూ క, పలికేదీ క. ఆ అలవాటుతోనే తల్లిదండ్రులు ఇంగ్లీషు దగ్గర తికమకపడతారు. బడిలో శబ్దాలు నేర్పి ఇంట్లో పేర్లు చెప్పిస్తే పిల్లలు రెండింటి మధ్య నలిగిపోతారు. మేడమ్‌ని అడిగి ఆ శబ్దాలు ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

కడప గారూ, బెత్తం మాట. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులో 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడిలో నేను చెయ్యకూడని పని ఇంట్లో మీరు చెయ్యొచ్చా అన్నది మీ ఇష్టం. నా అనుభవం మాత్రం చెప్తాను. సర్వీసులో చేరిన మొదటి మూడేళ్లు నేనూ బెత్తం పట్టుకున్నవాణ్నే. దెబ్బకి భయపడిన పిల్లలు తప్పులు మానలేదు, దాచడం నేర్చుకున్నారు. పక్కవాడి పలక చూసి రాసేవాళ్లు. అప్పుడు ఎవరికి ఏది రాదో నాకే తెలియకుండా పోయింది.

మీ అమ్మాయి గంటలో ముగిస్తోందన్నారు, సంతోషం. ఒకసారి పుస్తకం మూసి, ఇవాళ ఏం చదివావో చెప్పమని అడిగి చూడండి.

కడప_కారం | మంగళవారం, రాత్రి 9:50

అడిగాను మాస్టారూ. "క్వశ్చన్ నంబర్ త్రీ ఆన్సరా, ఫోర్ ఆన్సరా?" అంది. పాఠం దేని గురించమ్మా అంటే చెప్పలేకపోయింది.

సరే. ఈ రాత్రికి నేనేం మాట్లాడను.

గోదారి_అమ్మమ్మ | బుధవారం, ఉదయం 7:45

ఈ ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం నా మనవరాలే నేర్పింది, తప్పులుంటే ఏమనుకోకండి. మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉంటారు. పిల్ల నా దగ్గరే, కాకినాడలో, మూడో తరగతి.

నిజాంపేట అమ్మాయీ, మీ అత్తగారికి ఇంగ్లీషు రాదని రాశావు. ఎక్కాలు వచ్చా ఆవిడకి? మా తరంలో ఏడెనిమిదులు యాభై ఆరు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కూరగాయల బండి దగ్గర లెక్క మనసులోనే కట్టేస్తాం. ఆవిడ్ని ఖాళీగా ఎందుకు కూర్చోబెట్టావు?

నా దగ్గర చింతపిక్కల డబ్బా ఒకటి ఉంది. వామనగుంటలు ఆడతాం. గుంటలో ఉన్న పిక్కలు తీసి, ఒక్కొక్క గుంటలో ఒక్కోటి పంచుకుంటూ పోవాలి. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క వేసుకోకపోతే ఓడిపోతాం. మొదట్లో మనవరాలు వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఇప్పుడు కళ్లతోనే చూసి నన్ను ఓడిస్తోంది. ఇది లెక్కలని దానికి తెలియదు, నేనూ చెప్పను.

ఇంకోటి. దానికి పదమూడుకీ ముప్పైకీ ఇంగ్లీషులో తేడా తెలిసేది కాదు, థర్టీన్, థర్టీ ఒకలాగే వినిపించేవి. పదమూడు అంటే పదీ మూడూ, ముప్పై అంటే మూడు పదులు అని తెలుగులో చెప్పాను. అప్పుడు వెలిగింది.

నిజాంపేట_అమ్మ | బుధవారం, రాత్రి 10:05

అమ్మమ్మగారూ, ఆ మాట గుచ్చుకుంది. మా అత్తగారు ఐదో తరగతి వరకు చదివారు, తెలుగు గడగడా చదువుతారు, రోజూ పేపరు చూస్తారు. నేనే ఆవిడ్ని కాపలాకి పెట్టాను తప్ప ఇంకేం అడగలేదు.

పలక మాస్టారూ, పుల్లలు కట్టాం. మీరన్నట్టే చాలాసేపు తల గోక్కున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. చివరికి "ఇది విప్పెయ్యొచ్చా?" అని అడిగాడు. విప్పాడు. ఇరవై ఐదు వచ్చింది. ఆ తర్వాత వాడే ఎనిమిది లెక్కలు అడిగి మరీ చేశాడు.

కానీ డైరీలో హోంవర్కు అలాగే ఉండిపోయింది. రేపు స్కూల్లో ఏమంటారో అని టెన్షన్.

నిదానం | గురువారం, ఉదయం 11:20

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. మూడో_బెంచీ గారు కళ్ల సంగతి చెప్పారు కాబట్టి దానికి రెండు మాటలు కలుపుతాను.

ఏడేళ్ల వరకు పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం, ఇంగ్లీషు 'బీ'కి 'డీ' రాయడం, తెలుగులో వ, మ తేడా, ప, ష తేడా మర్చిపోవడం మామూలే. అది చూసి ఇంటర్నెట్‌లో వెతికి డిస్‌లెక్సియా అని మీరే ముద్ర వెయ్యకండి. గమనించాల్సింది వేరే ఉంది. నోటితో అడిగితే చక్కగా చెప్పే పిల్ల రాయమంటే అక్కడే ఆగిపోవడం, నిన్న చదివిన పదాన్నే ఇవాళ కొత్తగా చూసినట్టు చూడటం, తోటి పిల్లలు గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వెళ్లినా ఈ పిల్ల తలకట్టు, దీర్ఘం దగ్గరే ఉండిపోవడం. ఇలాంటివి నెలల తరబడి, ఎంత ఓపిగ్గా చెప్పినా మారకపోతే అప్పుడు పరీక్ష చేయించండి. ముందు కళ్లు, తర్వాత చెవులు, ఆ తర్వాతే మిగతాది.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలైతే మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపేది) ఎక్కడుందో హెడ్‌మాస్టర్ని అడగండి. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్లకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చదవడం, రాయడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందుల్ని కూడా చేర్చారు. కాబట్టి పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడిగే హక్కు ఉంది. పిల్లాడికి పేరు పడిపోతుందని దాచేవాళ్లని చాలామందిని చూశాను. దాచినన్నాళ్లూ వాడికి ఇంట్లో పడే పేరు మొద్దు అని.

నిజాంపేట గారూ, మీ బాబు విషయంలో నాకు అలాంటి అనుమానం ఏమీ రాలేదు. పుల్లలు పట్టుకోగానే దారి దొరికించుకున్నాడు.

వరండా_ట్యూషన్ | గురువారం, మధ్యాహ్నం 2:15

ట్యూషన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ట్యూషన్ చెప్పేదాన్నే రాస్తున్నాను. మా ఇంటి వరండాలో పద్నాలుగు మంది పిల్లలు, ఎల్‌కేజీ నుంచి ఐదు వరకు. అందరూ ఒకే చాప మీద. నేను వాళ్లకి చదువు చెప్తున్నానా అంటే, చాలా రోజులు లేదు. డైరీ తెరవడం, హోంవర్కు పూర్తి చేయించి పంపడం. తల్లిదండ్రులు అడిగేది అదొక్కటే. "అయిపోయిందా మేడమ్?" అంటారు. "వచ్చిందా?" అని ఇన్నేళ్లలో ఇద్దరో ముగ్గురో అడిగారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కూల్లో కూర్చుని వచ్చిన ఏడేళ్ల పిల్లాడు ఐదున్నరకి నా దగ్గరికొచ్చి మళ్లీ కూర్చుంటాడు. కొందరు పెన్సిల్ పట్టుకునే నిద్రపోతారు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నానేమో గానీ, రెండో తరగతి పిల్లాడికి ట్యూషన్ అక్కర్లేదు. అమ్మానాన్న ఇద్దరూ తొమ్మిది దాటాకే ఇంటికొచ్చే పరిస్థితి ఉంటే అది వేరే మాట.

ఇంకా, కొన్నిచోట్ల క్లాస్ టీచరే ట్యూషన్‌కి రమ్మంటారు. ఎవరైనా అలా అడిగితే, టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అదే విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో ఉందని గుర్తు పెట్టుకోండి.

డాలస్_అత్తయ్య | గురువారం, రాత్రి 8:30

ఇండియాలో రెండో తరగతి వరకు అసలు హోంవర్కే ఉండకూడదని రూల్ ఉందని విన్నాను. నిజమేనా?

పలక_బలపం | గురువారం, రాత్రి 9:10

నిజమే, కానీ దానికో కథ ఉంది. సీబీఎస్‌ఈ స్కూళ్ల మీద వేసిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు 2018లో ఒకటి, రెండు తరగతులకి హోంవర్కు వద్దని చెప్పింది. తర్వాత 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ తెచ్చింది. అందులోనూ అదే మాట: రెండు వరకు హోంవర్కు లేదు, మూడు నుంచి ఐదు వరకు వారానికి ఎక్కువలో ఎక్కువ రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకి గంట. వారానికి రెండు గంటలు అని మళ్లీ చదవండి, రోజుకి కాదు. రాయించే బదులు, సాయంత్రం ఎలా గడిచింది, ఏం ఆడారు, ఏం తిన్నారు అనేవి క్లాసులో పిల్లల చేత చెప్పించమంటుంది ఆ పాలసీ.

అమలు సంగతి మీకు తెలుసు. ఆ కాగితం పట్టుకుని స్కూలుకి వెళ్లి పోట్లాడితే పని జరగదు. వెళ్లి టీచరుతో మాట్లాడండి. ఉత్తుత్తి ఫిర్యాదు కాదు, ఇంట్లో చూసింది చెప్పండి. నేనైతే డైరీలో ఇలా రాయమంటాను: "ఈ రోజు ఇరవై ఐదు నిమిషాలు శ్రద్ధగా కూర్చున్నాడు. నాలుగు లెక్కలు సొంతంగా చేశాడు. ఐదోది రాలేదు, అక్కడ గీత పెట్టాను. మిగతావి చేయించలేదు." ఇలాంటి చీటీ ఒక్కటి వస్తే నాకు బంగారం. ఎక్కడ ఆగాడో తెలిస్తే మర్నాడు అక్కణ్నుంచే మొదలుపెడతాను. తల్లి రబ్బరు పెట్టి తప్పులన్నీ చెరిపించి పంపితే నాకేం కనిపిస్తుంది? పిల్లాడికి అన్నీ వచ్చేశాయనుకుని ముందు పాఠానికి పోతాను.

ఎడమ చేత్తో రాసినవి కూడా గుర్తుపడతామమ్మా. పిల్లల అక్షరం వంకరగా ఉన్నా గట్టిగా నొక్కి ఉంటుంది, వెనక పేజీలో అచ్చు పడుతుంది. అమ్మల అక్షరం తేలిగ్గా ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నాన్న | గురువారం, రాత్రి 9:40

మాస్టారూ, ప్రాజెక్టు వర్కుల గురించి కూడా ఏదైనా చెప్పండి. మొన్న పక్కింట్లో రాత్రి పదింటికి థర్మాకోల్ గ్రహాలకి రంగులేస్తున్నారు, భార్యాభర్తలిద్దరూ. పిల్లాడు ఎప్పుడో నిద్రపోయాడు. శని గ్రహానికి రింగు నిలబడట్లేదని గొడవ.

వరండా_ట్యూషన్ | గురువారం, రాత్రి 9:52

మా వీధి చివర స్టేషనరీ షాపులో రెడీమేడ్ దొరుకుతాయి అవి. పేరు రాసుకోవడానికి ఖాళీ లేబుల్ కూడా అంటించి ఉంటుంది.

నిజాంపేట_అమ్మ | శనివారం, సాయంత్రం 5:30

స్కూలుకి వెళ్లొచ్చాను. మొదట భయపడ్డాను గానీ క్లాస్ టీచర్ మంచి అమ్మాయి, నాకన్నా చిన్నది. డైరీలో నేను రాసిన చీటీ చూపించింది. "మేడమ్, ఇలా రాసింది మీరొక్కరే" అంది. తర్వాత చిన్న గొంతుతో అసలు విషయం చెప్పింది. క్లాసులో నలభై మందికి పైగా ఉన్నారట. నోటుబుక్కులు ఎన్ని పేజీలు నిండాయో ప్రతి శనివారం ఆఫీసులో చూస్తారట. ఒక వారం ఆవిడ హోంవర్కు తగ్గిస్తే ఎనిమిది మంది తల్లిదండ్రులు వాట్సాప్ గ్రూపులో "ఫీజులు ఇంత కడుతుంటే డైరీ ఖాళీగా వస్తోందేంటి" అని మెసేజ్‌లు పెట్టారట. ఆ ఎనిమిదిలో మా వారు కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి ఆయనతో చిన్నపాటి యుద్ధం. అది ఇక్కడ వద్దు.

టీచరుతో కుదుర్చుకున్నది: లెక్కలు నాలుగు చాలు, ఈవీఎస్ పదాలు మూడుసార్లకి బదులు ఒక్కసారి రాసి నోటితో చెప్తే చాలు. హిందీ కాపీ రైటింగ్ మాత్రం తన చేతిలో లేదంది, హిందీ టీచర్ వేరు. అది అలాగే ఉంది, వాడు ఇప్పటికీ దానికి ఏడుస్తాడు.

మూడో_బెంచీ | శనివారం, సాయంత్రం 6:15

మీ వారి సంగతి చదివి నవ్వాగలేదు. మా గ్రూపులోనూ అంతే. అడిగేదీ మనమే, ఏడ్చేదీ మనమే.

టైము మార్చి చూడండి. తొమ్మిదికి ఏ పిల్లాడికీ బుర్ర పనిచెయ్యదు. ఈ వయసుకి రోజుకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. మా ఇంట్లో స్కూలు నుంచి రాగానే తినడం, చీకటిపడేదాకా ఆట, ఆ తర్వాత అరగంట పుస్తకం. ఎనిమిదికి బ్యాగు సర్దేస్తాం, అయినా అవ్వకపోయినా.

కడప_కారం | ఆదివారం, ఉదయం 10:30

నాలుగైదు రోజులుగా ఏం రాయాలో తెలియక ఊరుకున్నా. మా అమ్మాయికి తెలుగు చదవడం సరిగ్గా రాదని ఇప్పుడు తెలిసింది. మూడో తరగతి. రాయమంటే చూసి ముత్యాల్లా రాస్తుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలి? పెద్ద బాలశిక్ష కొనమంటారా?

పలక_బలపం | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అడిగినందుకు సంతోషం కడప గారూ. పెద్ద బాలశిక్ష ఇంట్లో ఉంటే మంచిదే, కానీ దాంతో మొదలుపెట్టకండి. అది చూస్తేనే పిల్లలకి ఇంకో టెక్స్ట్‌బుక్‌లా అనిపిస్తుంది. పేజీకి ఒక బొమ్మ, రెండు మూడు వాక్యాలు ఉండే పల్చటి కథల పుస్తకాలు కావాలి. హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం' వాళ్లు పిల్లల కోసం ఇలాంటివి తక్కువ ధరలో వేస్తున్నారు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, సులువువి వేరే, కాస్త కష్టమైనవి వేరే స్థాయిలుగా ఉంటాయి. మూడో తరగతి అని మూడో స్థాయి ఇవ్వకండి, ఒకటి నుంచి మొదలుపెట్టండి. గెలిచానని ముందు అనిపించాలి.

పిల్ల పక్కన కూర్చుని మొదటిసారి మీరు వేలు పెట్టి చదవండి. రెండోసారి ఇద్దరూ కలిసి చదవండి. మూడోసారి తను. ఒత్తు దగ్గర ఆగితే మూడు అంకెలు లెక్కపెట్టేంత ఆగి, అప్పటికీ రాకపోతే చెప్పెయ్యండి, పరీక్ష పెట్టకండి. రోజుకి పదిహేను నిమిషాలు. బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు, బిస్కెట్ ప్యాకెట్లు, అన్నీ చదివించవచ్చు.

చూసి రాయడం అనేది బొమ్మ గియ్యడం లాంటిది. అక్షరం ముత్యంలా ఉందంటే చదువు వచ్చినట్టు కాదని నాకు తెలియడానికే చాలా ఏళ్లు పట్టింది.

కడప_కారం | ఆదివారం, మధ్యాహ్నం 12:41

నేను వేలు పెట్టి చదివితే మా అమ్మాయి నవ్వుతుందేమో మాస్టారూ. ఇన్నాళ్లూ నేను కేకలెయ్యడమే చూసింది.

గోదారి_అమ్మమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

నవ్వనీ నాయనా.

నిజాంపేట_అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం

ఎవరైనా ఇంకా ఈ చర్చ చూస్తున్నారేమో అని రాస్తున్నా.

కళ్లు చూపించాం, బాగానే ఉన్నాయి. ఇప్పుడు హోంవర్కులో తెలుగు, లెక్కలు మా అత్తగారివి. నేను ఇంటికొచ్చేలోపే అయిపోతున్నాయి. అసలు ట్విస్టు ఏంటంటే, ఇంగ్లీషు పాఠం వాడు ఆవిడకి చెప్పాలి. "నానమ్మకి రాదు కదా, నువ్వే నేర్పు" అన్నాను. పలక తీసుకుని టీచరమ్మలా నిలబడతాడు. తప్పు చెప్తే ఆవిడకే గోడకుర్చీ అట. ఆవిడకి ఆపిల్, ఎలిఫెంట్ దాటి ఇప్పుడు నైఫ్‌లో 'కే' ఎందుకు పలకదో అనుమానం వచ్చింది. వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

ఏడుపు పూర్తిగా పోలేదు. హిందీ రోజు ఉంటుంది. పోయిన గురువారం నేనూ మళ్లీ అరిచాను, ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చి. పది నిమిషాలకి వెళ్లి సారీ చెప్పాను. "సరేలే" అన్నాడు పెద్దమనిషిలా.

అమ్మమ్మగారూ, మీకో ప్రశ్న. వామనగుంటల చెక్క దొరక్క కోడిగుడ్ల అట్ట పెట్టెల్ని ఏడు గుంటలు, ఏడు గుంటలుగా కత్తిరించి ఆడుతున్నారు. ఖాళీ గుంట వచ్చినప్పుడు దాని పక్క గుంటలోవి తీసుకోవాలా, ఎదురు గుంటలోవి కూడానా? మా అత్తగారు రోజుకో రూలు చెప్తున్నారు. నానమ్మ తొండి ఆడుతోందని వాడు నాకు ఆఫీసుకి ఫోన్ చేసి మరీ కంప్లైంట్ ఇస్తున్నాడు.

గోదారి_అమ్మమ్మ | అదే రోజు, రాత్రి 8:20

మా వైపు పక్క గుంటలోవి, దాని ఎదురు గుంటలోవి కూడా తీసుకుంటాం. కానీ ఊరికో పద్ధతి ఉంటుందిలే. మీ అత్తగారి ఊరు ఏదమ్మా?